ఉక్కపోత

టేపు వేసి మూసిన ఆ స్లీపింగ్ బ్యాగు ఎవరి బుట్టలో వెయ్యాలన్న దగ్గర వచ్చింది పేచీ. ఆరుగురు రావలసిన అతిథుల్లో ఒకామె కడుపు చెడి కొండ కిందున్న సెంబలున్‌లోనే మంచం పట్టింది. మనిషి రాకపోయినా ఆమె సంచి మాత్రం కొండ ఎక్కాల్సిందేనన్నాడు గైడు ఫతోనీ.

"ఎందుకట? కొండ చూడాలని ముచ్చట పడిందా సంచి?" అన్నాడు అమక్ మునా.

"ఆఫీసేమో కొండ అవతల మన సెనారులో ఉంది. ఇటు ఎక్కి అటు దిగుతున్నాం. ఇక్కడ వదిలేస్తే వెనక్కి ఎవరు తెస్తారు, మీ మామగారా?"

"మా మామగారు పోయి పదేళ్ళయింది. ఉండి ఉంటే తెచ్చేవాడు పాపం, మంచివాడు."

మునా పుట్టిన రోజు నుంచి ఆయన్ని సొంత పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అమక్ మునా, అంటే మునా వాళ్ళ నాన్న, అంతే. ఆయన భార్య ఇనక్ మునా, అంటే మునా వాళ్ళ అమ్మ. రెండో కావడి మోసే ముర్దిప్‌కి సొంత అక్క. ముర్దిప్‌కి ఇంకా పిల్లల్లేరు కాబట్టి ముప్పై అయిదేళ్ళు వచ్చినా ముర్దిప్‌గానే చెల్లుబాటవుతున్నాడు.

చివరికి ఆ సంచిని బావే తన వెనక బుట్టలో కూరుకున్నాడు. అప్పటికే ఆ బుట్టలో బియ్యం మూటా, అనాసపళ్ళూ, గుడ్ల అట్టలూ ఉన్నాయి. "సీలు తియ్యొద్దు మామా, ఉతికించి వేశారు, అలాగే అప్పగించాలి," అని ఫతోనీ రెండుసార్లు చెప్పాడు. బావ సరేనని కావడిబద్దని భుజానికెత్తుకుని, ఒకసారి అటూ ఇటూ ఊపి చూసి, గుడ్ల అట్టని రెండంగుళాలు ముందుకి జరిపాడు. అప్పుడు కుదిరింది తూకం.

కావడిబద్ద మనిషితో పాటు ఊగాలి. మనిషి అడుగు దిగే వేళకి బుట్టలు లేవాలి, మనిషి లేచే వేళకి అవి దిగాలి. ఆ తాళం కుదిరితే ముప్పై అయిదు కిలోలూ ఏదోలా వచ్చేస్తాయి. తప్పిందా, బద్ద భుజంలోకి దిగుతుంది. ముర్దిప్‌కి ఈ తాళం నేర్పింది బావే. యాభై రెండేళ్ళ మనిషి, రబ్బరు చెప్పులేసుకుని, భుజం మీద కొబ్బరికాయంత కాయ కాచినవాడు. ఆయన వెనక నడుస్తుంటే బద్ద కిర్రుకిర్రుమని ఒకే వరసలో మోగేది. ముర్దిప్ ఆ చప్పుడు పట్టుకుని అడుగులు వేసేవాడు.

గడ్డి మైదానం దాటి ఎక్కుడు మొదలైంది. ఏడు గుట్టలు, ఒకదాని వెనక ఒకటి నక్కి కూర్చుంటాయి. మూడో కావడి మోస్తున్న సప్రూన్ మొదటి గుట్ట మీదే చెమట తుడుచుకుని, "అబ్బ, ఎంత బల్లపరుపుగా ఉందో!" అన్నాడు.

"జారిపోకురా, మరీ చదును," అన్నాడు బావ.

కొండమీద కొన్ని మాటలు నోట రాకూడదు. బరువు అనకూడదు, దూరం అనకూడదు, అలిశాననీ చలేస్తోందనీ అసలే అనకూడదు. అంటే కొండ వింటుంది. అడిగాడు కదా పాపం అని ఇంకో గరిటె వడ్డిస్తుంది. అందుకని సెనారు మనుషులు కొండ ఎక్కగానే నాలిక తిరగేస్తారు. నిట్టనిలువుగా ఉంటే చదును. మూట నడుం విరుస్తుంటే దూది. చలి ఎముకలు కొరుకుతుంటే ఉక్కపోత. అడిగితే నవ్వేస్తారు గానీ తప్పేవాడు ఒక్కడూ లేడు. మసీదులో ముందు వరసలో నిలబడేవాడూ తప్పడు. ఈ తిరకాసు మాటల్లో బావని మించినవాడు లేడని పేరు.

సాయంత్రానికి అగ్నిపర్వతం నోటి అంచు మీదికి చేరారు. అక్కణ్ణుంచి చూస్తే లోపల, ఎంతో కింద, సరస్సు నీళ్ళు. అతిథులు ఫొటోలు తీసుకుంటుంటే ఈ ముగ్గురూ వాళ్ళకి గుడారాలు వేసి, టీ కాచి, అరటిపండు అట్లు వేసిచ్చి, అప్పుడు ఓ రాతి చాటున నీలం పరదా కట్టుకుని కూర్చున్నారు. గాలి ఆ పరదాని చెంపదెబ్బలు కొడుతోంది. బావ లుంగీని ముక్కు దాకా లాక్కుని, పళ్ళు టకటకలాడుతుంటే, "ఏం ఉక్కరా బాబూ ఇది! విసనకర్ర తెచ్చారా ఎవరైనా?" అన్నాడు. సప్రూన్ తాగుతున్న కాఫీ పొలమారింది.

అతిథుల్లో ఎర్రజుట్టు పిల్ల ఒకతె అటుగా వచ్చి, వాళ్ళెందుకు నవ్వుతున్నారని ఫతోనీని అడిగింది. ఇదంతా విప్పి చెప్పడానికి ఫతోనీకి ఇంగ్లీషూ చాలదు, ఓపికా చాలదు. "వేడిగా ఉందంటున్నారు," అని ఊరుకున్నాడు. ఆ పిల్ల పొడుగు చేతుల కోటులోంచి వేళ్ళు బయటికి తీసి బావకి దణ్ణం లాంటిది పెట్టింది. కొండ మనుషులకి చలి ఉండదని తన పుస్తకంలో రాసుకుంటానందట. ఫతోనీ ఆ మాట చెబితే ముగ్గురూ మళ్ళీ నవ్వారు.

మర్నాడు నీటి ఒడ్డుకి దిగేసరికి మధ్యాహ్నమైంది. అతిథులు వేడినీటి గుంటలో కూర్చుని లేచేలోపు మబ్బు సరస్సు మీదికి దిగిపోయింది. ఎదురుగా ఉన్న నీళ్ళు కనిపించడం మానేశాయి. వాన మొదలైంది. గ్యాసు పొయ్యికి ముర్దిప్ తన వీపే అడ్డం పెట్టి అతిథులకి నూడుల్సు ఉడికించాడు. తమ అన్నం కుండ పొయ్యి ఎక్కే వేళకి మంట నిలవలేదు. ముగ్గురూ తలో బిస్కెట్ పొట్లం చింపుకున్నారు. బావ రెండు తిని, మిగతావి జేబులో వేసుకున్నాడు.

అవతలి అంచుకి ఎక్కే దారి రాయి. అక్కడక్కడా ఇనుప కమ్మీలు పాతారు. మొదటి మలుపులోనే ఓ పొడుగాటి అతిథి రెయిన్‌కోటు కమ్మీకి తగులుకుని మెడ నుంచి కింది దాకా చిరిగిపోయింది. అతను రెండు ముక్కల్నీ చెరో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఫతోనీ వెనక్కి తిరిగి కావళ్ళ వాళ్ళ వైపు చూశాడు. నోరు తెరిచి అడగలేదు, చూశాడంతే. ముర్దిప్ చప్పున వంగి బుట్ట తాడు ముడి వెయ్యడం మొదలుపెట్టాడు. ఆ ముడి అప్పటికే గట్టిగా ఉంది.

"ఇదిగో, ఇచ్చెయ్," అని బావ తన ప్లాస్టిక్ కోటు తలమీంచి లాగేశాడు. "నాకెటూ ఉక్కే కదా."

"మామా, మీకు మరి?"

"నాది తోలు కోటు. మా అమ్మ కుట్టింది." బావ తన ముంజేతిని చరుచుకున్నాడు. ఆ పొడుగాటి మనిషి ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ ఏదో అన్నాడు, కృతజ్ఞతే అయి ఉంటుంది.

తరవాత రెండు గంటలు ఎక్కుడే. ముర్దిప్ ఎప్పట్లాగే బావ వెనక నడిచాడు. మొదటి గంట బద్ద బాగానే మోగింది. ఆ తరవాత టక్కుమని ఓ చప్పుడు, వెనక బుట్ట రాతికి తగిలింది. మరో పది అడుగులకి మళ్ళీ టక్. బావ బుట్ట రాతికి తగలడం ముర్దిప్ అంతకుముందు వినలేదు. నీళ్ళు కారుతున్న ఆ వీపుకేసి చూస్తూ, ఏదో అడగాలని నోరు తెరిచాడు. ఏమని అడగాలి? బరువుగా ఉందా అనకూడదు, అలిశావా అనకూడదు, చలిగా ఉందా అనకూడదు. అడగడానికి మిగిలిన మాటలన్నీ వేళాకోళానివే.

"ఏం బావా, దూదేనా?" అన్నాడు.

"దూదే," అన్నాడు బావ. మాట ముద్దగా వచ్చింది. బుగ్గన వక్క పెట్టుకున్నాడేమో అనుకున్నాడు ముర్దిప్.

ఓ రాతి అరుగు లాంటి చోట కావళ్ళు దించారు. బావ బుట్టకి రాయి ఆన్చకుండానే వదిలేశాడు. అది ఒరిగింది, గుడ్ల అట్ట ఓ పక్కకి జారింది. ఆయన చూశాడు కానీ సర్దలేదు. ఊపిరి తీసుకుని మెడకి చుట్టుకున్న లుంగీ విప్పేశాడు.

"ఉక్కపోస్తోందిరా," అన్నాడు.

వాన పక్కవాటంగా కొడుతోంది. ముగ్గురి చేతివేళ్ళూ తెల్లగా ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ సమయంలో ఆ మాట వచ్చేసరికి సప్రూన్ రాతిని పట్టుకుని మరీ నవ్వాడు. "చంపకు మామా, నవ్వే ఓపిక లేదు!" అన్నాడు. ముర్దిప్‌కి కూడా వాన మొదలైనప్పటి నుంచి పట్టేసిన దవడలు సడలి నవ్వొచ్చింది. హమ్మయ్య, బావ బాగానే ఉన్నాడనిపించింది.

"అయితే చొక్కా కూడా తీసెయ్ బావా. గాలాడుతుంది," అన్నాడు.

బావ తీసేశాడు. బొత్తాలు ఒక్కొక్కటే తీశాడు, వేళ్ళు పట్టు దొరక్క ఒక్కోదాన్ని మూడేసి సార్లు తడిమాడు. తీసిన చొక్కాని తొడమీద పెట్టి, ఇంట్లో అక్క మడతపెట్టినట్టే నాలుగు మడతలు పెట్టి బుట్ట మీద ఉంచాడు. సప్రూన్ ఇంక నవ్వలేక కింద కూలబడ్డాడు. బావ మాత్రం నవ్వలేదు. తన హాస్యానికి అందరికంటే ముందు తనే నవ్వే మనిషి. ఈ సంగతి ముర్దిప్ చూశాడు. చూసి, ఈసారి ఇంకా బాగా రక్తి కట్టిస్తున్నాడనుకున్నాడు.

పైనుంచి ఫతోనీ కేకేశాడు. అతిథులు అంచుకి చేరేలోపు గుడారాలు లేవాలి, వాళ్ళు తడిసిపోయారు, త్వరగా రండి.

"మీరు పదండి," అన్నాడు బావ. "ఈ గాలికి కాసేపు కూర్చుని వస్తా. హాయిగా ఉంది."

వాళ్ళు కావళ్ళెత్తుకున్నారు. ముర్దిప్ మలుపు తిరుగుతూ ఒకసారి వెనక్కి చూశాడు. ఒంటి మీద చొక్కా లేకుండా, కాళ్ళు బారజాపుకుని, పొలం గట్టు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు బావ. ముర్దిప్ చెయ్యి ఊపాడు. ఆయన ఊపలేదు.

అంచు మీద గుడారాలు వెయ్యడానికి ముప్పావు గంట పట్టింది. మేకులు బురదలో నిలవక రాళ్ళు మొయ్యాల్సి వచ్చింది. టీ కాచి అందరికీ ఇచ్చి, బావ కప్పులో పోసి మూతపెట్టి, ముర్దిప్ దారికేసి చూశాడు. ఎవరూ రావడం లేదు. కప్పు పట్టుకునే చూశాడు కాసేపు. తరవాత కప్పు కింద పెట్టి పరిగెత్తాడు.

బావ అక్కడే ఉన్నాడు. రాతికి చేరగిలబడి, తల భుజం మీద కాయ కాచిన చోట ఆన్చి ఉన్నాడు. పిలిస్తే కళ్ళు కొంచెం తెరిచాడు. చెయ్యి పట్టుకుంటే తడిసిన రాయి పట్టుకున్నట్టుంది. పక్కనే బుట్ట, బుట్టలో స్లీపింగ్ బ్యాగు, దాని మీద టేపు ఎక్కడా చెక్కుచెదరలేదు. ముర్దిప్ గోళ్ళతో పీకాడు, రాలేదు. ఈలోపు దిగొచ్చిన ఫతోనీ పళ్ళతో కొరికి చింపాడు. ఇద్దరూ కలిసి బావని అందులోకి తోశారు. ఎంత మెత్తగా ఉందో లోపల! అటువంటివి ఎన్ని మోశాడో బావ, ఒక్కదాంట్లోనూ కాలు పెట్టి ఉండడు.

సంచితో సహా మోసుకుంటూ పైకి తెచ్చారు. అతిథులు సీసాల్లో వేడినీళ్ళు పోసి చంకల్లో పెట్టారు. కోటు తీసుకున్న పొడుగాటి మనిషి బావ పాదాలు రెండూ తన పొట్టకి ఆనించుకుని కూర్చున్నాడు. ఫతోనీ ఫోను పట్టుకుని సిగ్నలు కోసం అంచు పొడుగునా పరుగెత్తాడు. ముర్దిప్ పెదాలకి టీ ఆన్చాడు. అది గడ్డం మీంచి కారిపోయింది. సంచి ఉన్న వేడిని పట్టి ఉంచగలదు గానీ లేనిదాన్ని తేలేదు. అక్కడున్న మిగతా ఎనిమిది మందిలో ఎవరికీ ఇంకేం చెయ్యాలో తెలియలేదు. వెలుగు పూర్తిగా పోకముందే బావ ఊపిరి ఆగింది.

"కోటు నేనడగలేదు కదా," అన్నాడు ఫతోనీ. "ముర్దిప్, నువ్వే చెప్పు, నేను అడగలేదు కదా?"

"అడగలేదు," అన్నాడు ముర్దిప్. "చూశావంతే."

తెల్లవారగానే దించారు. రెండు కావడిబద్దలకి సంచిని కట్టి, ముందు ముర్దిప్, వెనక సప్రూన్. అడవిలో వేళ్ళ మీద కాలు జారే దారి. బద్దలు వాటి అలవాటు కొద్దీ అడుగు అడుగుకీ ఊగుతున్నాయి, వాటితో పాటు బావా ఊగుతున్నాడు. ఆయన ఎంత బరువున్నాడో ఇద్దరిలో ఎవరూ అనలేదు. దూదని కూడా అనలేదు.

ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ మతరం పట్నం నుంచి కొత్తగా వచ్చింది, చిన్నపిల్ల. కాగితం రాయడానికి కూర్చుని, చలిగా ఉందని చెప్పాడా అని అడిగింది.

"లేదమ్మా."

"ఏమన్నాడు మరి?"

"ఉక్కపోస్తోందన్నాడు. మేం నవ్వాం. మా వాళ్ళు అలాగే అంటారమ్మా, తిరగేసి. చొక్కా తీసెయ్ బావా అని నేనే అన్నాను. తీసేశాడు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీరు అనకపోయినా తీసేసేవాడు," అంది. "ఒళ్ళు మరీ చల్లబడిపోతే చివర్లో కొందరికి చలి తెలియదు. మంట దగ్గర కూర్చున్నట్టు ఉంటుంది. బట్టలు పీకేసుకుంటారు. ఆయన తిరగేసి చెప్పలేదండీ. నిజంగానే ఉక్కగా ఉంది ఆయనకి."

"నిజంగానా?"

"నిజంగానే. ఆ సమయంలో చలి బాధ తెలిసి ఉండదు."

ఇరవై ఏళ్ళలో కొండమీద బావ పలికిన ఒకే ఒక్క నిజం అది, దానికి తామిద్దరూ పడీపడీ నవ్వారు. అయితే డాక్టరమ్మ చెప్పిన రెండో మాట మాత్రం అతను జాగ్రత్తగా పట్టుకున్నాడు. చలి బాధ తెలియలేదు. అక్క దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళక్కర్లేదు. ఇంటి దాకా ఆ మాటే మనసులో అనుకుంటూ నడిచాడు.

ఇంటి ముందు అప్పటికే ఊరి ఆడవాళ్ళు చావింటికి ఇచ్చే బియ్యం గిన్నెలు నెత్తిన పెట్టుకుని వస్తున్నారు. మగవాళ్ళు బావకి చివరి స్నానం చేయించడానికి పెరట్లో వెదురు తడికెలు కడుతున్నారు. అక్క వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఏడుపు ఒక విడత అయిపోయినట్టుంది, మొహం ఉబ్బి ఉంది. మునా ఆమె వీపు నిమురుతోంది. ముర్దిప్ ఎదురుగా గొంతుక్కూచున్నాడు.

"నువ్వు దగ్గరున్నావా తమ్ముడూ?" అంది అక్క.

"చివర్లో ఉన్నానక్కా."

"ఏమైనా అన్నాడా?"

ఇంతదూరం మోసుకొచ్చిన మాటని ముర్దిప్ బయట పెట్టాడు. "ఉక్కగా ఉందన్నాడక్కా."

అక్క రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో," అంది. "అయ్యో, అంత చలేసిందా ఆయనకి!"

"కాదక్కా, అది కాదు. నిజంగానే ఉక్కగా ఉందట. డాక్టరమ్మ చెప్పింది. చివర్లో చలి తెలియదట, ఒళ్ళు వెచ్చగా..."

"ఊరుకోరా! కొండమాట నాకు నేర్పుతావా?" అంది అక్క. "దిగొచ్చిన ప్రతిసారీ ఈ గుమ్మంలో నిలబడి ఉక్కపోస్తోందే అనేవాడు. ఆ మాట విని పరిగెత్తుకెళ్ళి దుప్పటి తెచ్చేదాన్ని. ఇరవై ఏళ్ళు తెచ్చాను. ఆ మాటకి అర్థం డాక్టరమ్మకి తెలుసా, నాకు తెలుసా?"

"అక్కా, ఒట్టు. నవ్వుతూ అన్నది కాదు. నిజంగా..."

"నువ్వు నన్ను ఓదార్చడానికి అంటున్నావని తెలుసులే." ఆమె అతని చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. అతన్నే ఓదార్చింది. "నువ్వూ అక్కడ గడ్డకట్టుకుపోయి ఉంటావు. నీ తప్పేముందిరా."

చొక్కా సంగతి చెప్పాలని ముర్దిప్ నోరు తెరిచాడు. చెప్తే ఆమె నమ్ముతుంది, ఆ ఒక్కటి మాత్రం వెంటనే నమ్ముతుంది. నోరు మూసుకున్నాడు.

మసీదు పెద్దాయన వసారా దగ్గరికి వచ్చి, నీళ్ళు తోడామనీ మొదలుపెడతామనీ చెప్పాడు. అక్క లేచి నిలబడింది. ఆ నీళ్ళు పారబొయ్యమంది.

"ఏం తల్లీ? ఊట నీళ్ళేగా, శుభ్రంగా ఉన్నాయి."

"చన్నీళ్ళు వద్దు. ఆయనకి చన్నీళ్ళు పొయ్యొద్దు."

పెద్దాయన వెచ్చని నీళ్ళు పోసినా దోషం లేదన్నాడు. అక్క తమ్ముడి వైపు తిరిగింది. "పొయ్యి వెయ్యి ముర్దిప్."

పెరట్లో మూడు రాళ్ళు పేర్చి పెద్ద డేగిసా ఎక్కించాడు ముర్దిప్. నిన్నటి వానకి పుల్లలు తడిసి ఉన్నాయి. మంట లేవదు, పొగే. మోకాళ్ళ మీద వంగి ఊదాడు, కళ్ళు మండి నీళ్ళు కారాయి. తడిక వెనక మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. కాసేపటికి అక్క వచ్చి, ఆ నీళ్ళలో చెయ్యి మోచెయ్యి దాకా ముంచి చూసింది.

"ఇంకా కాగాలి," అంది.

ముర్దిప్ ఇంకో పుల్ల లోపలికి తోసి మళ్ళీ ఊదడం మొదలుపెట్టాడు.